టెట్ సైకాలజీలో 'ఉపాధ్యాయుని లక్షణాలు' ఎలా చదవాలంటే

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష), డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష)కి చదువుతున్న మిత్రులకు, ముఖ్యంగా ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ఛాత్రోపాధ్యాయులకు (శిక్షణలో ఉన్న ఉపాధ్యాయులకు) నా అనుభవం చెబుతాను.

ఈ టాపిక్ రాగానే చాలామంది ఓర్పు, నిష్పక్షపాతం, విషయ పరిజ్ఞానం అని వరుసగా రాసుకుని పేజీ తిప్పేస్తారు. బిట్లు అలా రావు. "ఒక విద్యార్థి వరుసగా హోంవర్క్ చేయకుండా వస్తున్నాడు, మీరు మొదట ఏం చేస్తారు?" అని సందర్భం ఇస్తారు. నాలుగు ఆప్షన్లలో రెండు మంచివిగానే అనిపిస్తాయి. అక్కడ 'మొదట' అన్న మాట పట్టుకోండి. తల్లిదండ్రులను పిలిపించడం తప్పు కాదు, కానీ ముందు పిల్లవాడితో మాట్లాడి కారణం తెలుసుకోవాలి.

నాకు దారి చూపింది విద్యాహక్కు చట్టం, 2009లోని 24వ సెక్షన్. సమయపాలన, సిలబస్‌ను గడువులోగా పూర్తి చేయడం, తల్లిదండ్రులతో సమావేశాలు అన్నీ అందులో ఉపాధ్యాయుని విధులే. వీటిలో నేను ఎక్కువసేపు ఆగింది ఒక్కదాని దగ్గర: ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన చేయాలి.

దీని అర్థం ఇంటర్న్‌షిప్‌లో తెలిసింది. మూడో తరగతి పాప 52 నుంచి 27 తీసేసి 35 అని రాసింది. తర్వాతి లెక్క 41 – 18కి 37 వేసింది. చూడగానే 'అజాగ్రత్త' అనేస్తాం. పలక మీద మళ్లీ చేయించి, ఎలా చేశావో చెప్పమంటే, "ఏడులోంచి రెండు తీసేశాను" అంది. అంటే ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది, పదుల నుంచి అప్పు తెచ్చుకోవాలని తెలియదు. పుల్లల కట్ట విప్పి పదిని ఒకట్లుగా చూపించాక తనే సరిచేసుకుంది. లోప నిర్ధారణ, లోప నివారణ బోధన అని పుస్తకంలో చదివేది ఇదే. ఆ తర్వాత ఆ చాప్టర్‌ను నేను బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

మిగతా సెక్షన్లు త్వరగా అయిపోతాయి. 17 శారీరక దండనను, మానసిక వేధింపులను నిషేధిస్తుంది. 28 ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. 27 ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప బోధనేతర విధులు వేయకూడదు. ఆ చట్టం చివర ఉన్న షెడ్యూల్‌లో ఉపాధ్యాయునికి వారానికి కనీసం 45 గంటలు అని ఉంటుంది. అందులో పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా కలిసే ఉంటుంది. పీరియడ్ ప్లాన్‌ను (ఆ పీరియడ్‌లో ఏం, ఎలా చెప్పాలో ముందే రాసుకునే ప్రణాళికను) రికార్డు కోసం రాసే కాగితంగా చూడొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

టెట్‌లో శిశు వికాసం, పెడగాజీకి (బోధనా శాస్త్రానికి) 150లో 30 మార్కులు. ఇంటర్న్‌షిప్ ఇంకా మిగిలి ఉన్నవాళ్లు రోజూ ఒక్క పిల్లవాడి నోటుబుక్ తీసుకుని, ఆ తప్పు ఎందుకు చేశాడో రెండు లైన్లు రాసుకోండి. ఆ పక్కనే మీరు ఏం చేశారో, దానికి సరిపోయే కాన్సెప్ట్ ఏదో రాయండి. రివిజన్‌కు వేరే నోట్స్ అక్కర్లేదు.