రెండేళ్ల పసుపు

జనవరి నెలాఖరులో మా అమ్మ, బాబాయి, నేను గుంటూరు నుంచి అరకు బయల్దేరాం. అప్పటికే మా మిర్చి యార్డు వైపు కొత్త కాయ ఘాటు మొదలైంది, మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోలేకపోతున్నాం. అయినా అమ్మ మూడు శాలువాలు సర్దింది. విజయవాడలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి విశాఖలో దిగి, కిరండూల్ పాసింజర్ పట్టుకున్నాం.

ఈ లైను మనలాంటి యాత్రికుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించడానికి 1960ల్లో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలట. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెట్టారు. శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. అక్కడ తలుపు దగ్గర నిలబడితే చెవులు చల్లబడ్డాయి, అమ్మ తెచ్చిన శాలువాలు అప్పుడు బయటికొచ్చాయి.

బొర్రా గుహలు చూశాం, బాగున్నాయి. వాటి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను.

మర్నాడు పాడేరు దారిలో కాఫీ తోటలు చూడ్డానికి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ కొండదొర తెగ కుర్రాడు, ఇరవై ఐదేళ్లుంటాయి. దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పైదాకా అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. కోత చివరికొచ్చింది. కొన్ని కొమ్మలకు మాత్రం ఇంకా ఎర్రటి పండ్లున్నాయి. ఒకటి కోసి నోట్లో వేసుకుంటే పైతొక్క తియ్యగా ఉంది. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ ఎక్కువగా పండించేది పెద్ద ఎస్టేట్లు కాదు, ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన కుటుంబాలు. ఈ మాట ప్యాకెట్ కొనేవాళ్లందరికీ తెలియాలని నా కోరిక.

బాబాయి ఎక్కడికెళ్లినా స్థలాల రేటు అడుగుతాడు. ఇక్కడా అడిగాడు.

"ఇక్కడ బయటివాళ్ల పేర రిజిస్ట్రేషన్ అవ్వదు సార్, వన్ ఆఫ్ సెవెంటీ" అన్నాడు ఆ కుర్రాడు.

1970 నాటి ఆ ఒకటో నంబరు చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతపు భూమి, గిరిజనేతరుల చేతికి పోకూడదు. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా తేల్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదని. మా వైపు రాజధాని పేరు చెప్పగానే పొలాలు ప్లాట్లయిపోవడం చూసినదాన్ని. ఈ కొండ ఇంకా ఈ కుర్రాడి వాళ్లదే అని తెలిసి నాకు మనసు నిమ్మళించింది. బాబాయి ఇంకేం అనలేదు.

"మా ఊరు చూస్తారా?" అని అతనే అడిగాడు. గెడ్డ, అంటే కొండవాగు, దగ్గర ఆటో ఆపేసి, రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటి, అరగంట ఎక్కాం. ఇరవై ఇళ్లు కూడా లేవు. అరుగులకు ఎర్రమట్టి అలికి ఉంది. ఒక చూరు కింద పొడవాటి కర్ర, దానికి చుట్టిన దుప్పటి కనిపించాయి. డోలీ అట. పురుటినొప్పులొస్తే మనిషిని అందులో పడుకోబెట్టి, మేం ఎక్కొచ్చిన దారినే గెడ్డ దాకా మోసుకెళ్తారు. నెలలు నిండిన ఆడమనిషిని ఆ రాళ్ల మీదుగా మోయడం తలచుకుంటే నా కాళ్లు వణికాయి. ఆ గెడ్డ మీద వంతెన ఎప్పుడో రావాల్సింది.

ఊళ్లోకి అడుగు పెట్టగానే అమ్మ ఆగిపోయి గాలి పీల్చింది. "పసుపు ఉడుకుతోంది" అంది.

అమ్మ పుట్టిల్లు దుగ్గిరాల పక్క పల్లె. పసుపు వాసన అమ్మకు చిన్నప్పటి వాసన. ఇంటి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద బాన, పక్కన డ్రైవర్ వాళ్ల అమ్మ. ఆమె ముక్కుకు మూడు ముక్కెరలు. బాబాయి ఫోన్ తీయబోతే అమ్మ చేత్తో ఆపింది. అడక్కుండా ఎవరి ముఖాన్నీ ఫొటో తీయకూడదు, అంతే.

అమ్మ ఒక చీపురుపుల్ల అందుకుని, బానలోంచి తీసిన కొమ్ములో గుచ్చి చూసింది. సగం దాకా దిగి ఆగింది. "ఇంకో పొంగు రావాలి కదమ్మా?" అంది. ఆమె తలెత్తి అమ్మను పరీక్షగా చూసి, నవ్వి పక్కన చోటిచ్చింది. ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం అక్కడ ఉన్నామన్న సంగతే వాళ్లకు పట్టలేదు. అమ్మ ఉడికి ఆరిన కొమ్ము విరిచి చూసింది. లోపల ఎరుపు కలిసిన పసుపు.

"మా దగ్గర తొమ్మిది నెలలకే తవ్వేస్తాం" అంది అమ్మ.

"మేం రెండేళ్లుంచుతామమ్మా. మొదటేడు ఆకు ఎండిపోద్ది. వానలకి మళ్లీ మొలుస్తాది. అప్పటికి గానీ దుంప ఊరదు."

చోడి అంబలి ఇచ్చారు, ఆనపకాయ బుర్రలోంచి వంచి. మా రాగి జావే, కాకపోతే పులిసింది, పల్చగా, చల్లగా ఉంది. ఎక్కివచ్చిన ఒంటికి ప్రాణం లేచొచ్చింది. అవతలి కొండ మీద కనిపించే ఊరు కోందు గిరిజనులదని, వాళ్ల భాష కువి అని కుర్రాడు చెప్పాడు. అదీ ద్రావిడ భాషే, తెలుగుకు చుట్టం.

అమ్మ రెండు కిలోల కొమ్ములు కొంది. గుంటూరులో కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి, ఆమె చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చింది. నేను వింతగా చూస్తుంటే, "రెండేళ్లు కాశారే" అంది. వచ్చేటప్పుడు ఆమె ఇంట్లోకి వెళ్లి, మట్టి వదలని రెండు పచ్చి దుంపలు తెచ్చి అమ్మ కొంగులో వేసింది. ఉడికించింది మొలవదు కదా.

జూన్‌లో తొలివాన పడ్డాక అమ్మ వాటిని డాబా మీద పెద్ద కుండీలో పెట్టింది. ఇప్పుడు ఆకులు నా మోకాలి ఎత్తు వచ్చాయి. సంక్రాంతికి అవి ఎండిపోతే పీకేయొద్దని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచింది.