మార్ఫిన్ అంటే ఆఖరి మందు అనుకున్నాం

మా పెద్దమ్మ వాళ్లది పరకాల దగ్గర పల్లె. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకాక రెండు నెలలు ఆమె మంచం మీద నడుం వాల్చలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఇంకో కుర్చీ వేయించుకుని, దాని మీద తల ఆనించి తెల్లారేదాకా అట్లాగే ఉండేది. "సలుపుతుంది బిడ్డా" అనేది, అంతే.

హన్మకొండలో చూపిస్తే నొప్పి సూదులు రాసేవారు. రెండు మూడు గంటలు కాస్త నయం, తర్వాత మళ్లీ మొదలు. నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు మార్ఫిన్ అడుగుదామా అంటే అన్నకు భయం: "అది ఆఖరికిచ్చే మందు, అలవాటైతది." నిజానికి నాకూ భయమే, అందుకే చదవడం మొదలుపెట్టాను.

చదువుతుంటే ఏడుపొచ్చింది. క్యాన్సర్ నొప్పికి ఏ మెట్టులో ఏ మందు వాడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. ముందు పారాసిటమాల్ లాంటివి, చాలకపోతే కోడీన్ లాంటివి, అదీ చాలకపోతే మార్ఫిన్. మెట్టు ఎక్కేది నొప్పిని బట్టి, ఇంకెన్నాళ్లు బతుకుతారన్నదాన్ని బట్టి కాదు. 2016లో వెలువడిన ఇటలీ ట్రయల్ ఒకటుంది. ఓ మాదిరి నొప్పి ఉన్న 240 మందిలో సగం మందికి నడిమి మెట్టు మందులు, మిగతా సగానికి నేరుగా తక్కువ డోసు మార్ఫిన్ ఇచ్చి చూస్తే, మార్ఫిన్ వాడినవాళ్లలోనే ఎక్కువమందికి నొప్పి తగ్గింది, అదీ మొదటి వారం నుంచే. మరి మన దగ్గర ఎందుకు దొరకదంటే, 1985 మత్తుమందుల చట్టం వచ్చాక లైసెన్సుల బాధ పడలేక చాలా ఆస్పత్రులు తెప్పించుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి సులువు చేశారు, భయం మాత్రం అట్లాగే ఉండిపోయింది.

చివరికి కాజీపేటలో రైలెక్కించి హైదరాబాద్ తీసుకెళ్లాం. అక్కడి నర్సమ్మ అన్నను కూర్చోబెట్టి చెప్పింది, నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి వెయ్యాలి అని. మత్తు, వికారం కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం మాత్రం పోదు, ఎందుకంటే మార్ఫిన్ పేగుల మీద కూడా పనిచేస్తుంది, అందుకని విరేచనం మందు మొదటి రోజు నుంచే ఇచ్చారు. అన్న అలవాటు సంగతి అడిగాడు. ఒంటికి అలవాటు పడుతుంది, కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు, మేం చెప్పినట్టు తగ్గించాలి, కానీ మత్తు కోసం వెంపర్లాడటం వేరు అంది. పెద్దమ్మ ఏనాడూ ఒక్క మాత్ర ఎక్కువ అడగలేదు.

గోడ క్యాలెండర్‌లో తేదీ గడిలోనే 6, 10, 2, 6, 10 అని చిన్న అంకెలు వేసి అన్న ఒక్కోటి కొట్టేసేవాడు. రాత్రి పదింటి డోసు డాక్టర్ ఎక్కువ రాశారు, మధ్యలో లేపే పని లేకుండా. మూడో రాత్రి ఆమె మంచం మీద పక్కకు తిరిగి పడుకుంది. వదిన ఆ రెండు కుర్చీలూ తీసి వాకిట్లో వేసింది. ఆ యేడు సద్దుల బతుకమ్మకు తంగేడు పూలు పెద్దమ్మే పేర్చింది.

సంక్రాంతి దాటాక పోయింది. మిగిలిన మాత్రలు అన్న లెక్కపెట్టి, కాగితంలో చుట్టి, మళ్లీ రైలెక్కి ఆస్పత్రిలో అప్పజెప్పి వచ్చాడు.