ఒక్క పిన్ను

పడుకుందామని లైటు తీసేసి, మళ్లీ లేచి కూర్చున్నా. కంప్యూటర్ గొడవ తీరిపోయింది, 16 జీబీ మెమరీ నిక్షేపంగా కనిపిస్తోంది. నిద్ర మాత్రం రావట్లేదు.

మంగళవారం వీడియో ఒకటి కత్తిరిస్తుంటే మరీ నత్తనడక నడుస్తోందని టాస్క్ మేనేజర్ తెరిచా. మెమరీ 8 జీబీ అంది. ఉండాల్సింది 16. పెట్టె విప్పి, రెండు ర్యాములనీ, అంటే మెమరీ పట్టీలనీ, నాలుగు స్లాట్లలో మార్చి మార్చి పెట్టి చూశా. ప్రాసెసర్ పక్కనున్న రెండింట్లో ఏది పెట్టినా లేస్తోంది. అవతలి రెండింట్లో ఏది పెట్టినా నల్ల తెరే, మదర్‌బోర్డు మూల, మెమరీ తేడా చేస్తే వెలిగే డీర్యామ్ అన్న చిన్న లైటు వెలిగి కూర్చుంటుంది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌లో వేసి, ఒక్కో ర్యామునీ ఒక్కో రాత్రంతా నడిపా. తప్పు ఒక్కటీ లేదు. అంటే ర్యాములు మంచివే, స్లాట్లు పోయాయి. బోర్డుకి మూడేళ్ల వారంటీ, ఇంకా రెండు నెలలుంది.

మధ్యలో ర్యాము అంచులు రబ్బరుతో రుద్దా కూడా. ఇప్పటి వాటికి పెద్దగా అక్కర్లేదని తెలుసు, చెయ్యి ఊరుకోదు. ఒంగోలు అలవాటు. 2003లో నాన్న విజయవాడ నుంచి అసెంబుల్ చేయించి తెచ్చిన పెట్టె, 128 ఎంబీ ర్యాము. దానికి అమ్మ అల్లిన లేసు గుడ్డ. చెప్పులు విప్పి గదిలోకి రావాలి. అన్నయ్య ముట్టుకోవచ్చు, నేను ముట్టుకోకూడదు, "షాక్ కొడుతుందమ్మాయ్" అనేవారు నాన్న. ఆ ఏడు వానాకాలంలో ఆన్ చేస్తే తెర రాకుండా కుంయ్... కుంయ్... అని పొడుగ్గా ఒకటే ఏడుపు. అన్నయ్య ఓ రోజంతా దానిముందు కూర్చుని చేతులెత్తేశాడు. మర్నాడు మధ్యాహ్నం అందరూ పెళ్లికెళ్తే నాకు పరీక్షలని వదిలేశారు. స్క్రూలు విప్పి, ర్యాము ఊడదీసి, జామెట్రీ బాక్సులోని నటరాజ్ రబ్బరుతో ఆ బంగారు రంగు పళ్లని మెల్లగా తోమా. నల్లటి పొట్టు రాలింది. నోటితో ఊదేసి, టక్కుమనేదాకా నొక్కా. ఏడుపు ఆగిపోయింది. లేసు గుడ్డ యథాప్రకారం కప్పేశా. "వానలు తగ్గాయిగా, చెమ్మ ఆరి దానంతటదే బాగైంది" అన్నారు నాన్న రాత్రి. నేను అన్నం తింటూ తలాడించా.

సరే, నిన్నటి సంగతి. సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద బోర్డు పెట్టా. డబ్బా దాచుకున్నాను కానీ, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోని పిన్నుల మీద పెట్టే నల్ల ప్లాస్టిక్ మూత లేదు. కొన్నరోజే చెత్తలో వేసినట్టున్నా. కౌంటర్లో అబ్బాయి టార్చి వేసి, భూతద్దంలోంచి చూసి, ఫోనుతో ఫోటో తీశాడు. అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ ఫోను మా ఆయన వైపు తిప్పాడు. "సార్, పిన్ బెండ్ అయింది. ఫిజికల్ డ్యామేజ్. వారంటీ రాదు సార్."

ఆయన హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ర్యాముకీ రోముకీ తేడా తెలియని మనిషి. ఆ ఫోటో వైపు అప్పుడే పుట్టిన బిడ్డని చూసినట్టు చూస్తున్నారు. "పోయింది స్లాట్లయితే సాకెట్ ఫోటో తీస్తారేంటి?" అన్నా. "సార్, మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది సార్. స్లాట్ల దారులన్నీ ఈ పిన్నుల మీదుగానే వెళ్తాయి" అని ఆయనకే చెప్పాడు. ప్రశ్న నాది, జవాబు ఆయనకి! కావాలని లెక్కపెట్టా, మూడుసార్లు అలాగే. చివరికి జాబ్ షీట్. దాని మీద పేరు నాది, ఫోన్ నంబరు నాది, బిల్లు నా పేరు మీదుంది. సంతకానికి దాన్ని మా ఆయన ముందుకి జరిపాడు. పెన్ను కూడా ఆయనకే.

బండి మీద దారంతా ఒకటే పాట పాడాను. వాళ్లే వంచి ఉంటారు, మూత లేదని చూసి ఎదురు మన మీదే తోశారు అని. ఆయన కూడా "అంతే అంతే" అన్నారు.

ఇవాళ ఒక్కదాన్నే సికింద్రాబాద్ పార్క్‌లేన్ వెళ్లా, కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఓ రిపేర్ గదికి. మెట్ల పక్కన, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటుండాల్సిన గది. రిపేర్ చేసే అతను బోర్డుని మైక్రోస్కోప్ కింద పెట్టి, "ఇగో అక్కా, చూడండి" అని జరిగి చోటిచ్చాడు. 1,700 పిన్నులు, అన్నీ ఒకే వైపు వంగిన వరి మొక్కల్లా ఉన్నాయి. ఒక్కటి మాత్రం పక్కదాని మీద వాలి పడుకుంది. సన్న సూదితో నాలుగుసార్లు కదిపి లేపాడు. ఐదు వందలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి బిగిస్తే నాలుగు స్లాట్లూ పనిచేస్తున్నాయి.

ఎగిరి గంతేశాను. ఓ పది నిమిషాలు. తర్వాత గిన్నెలు తోముతుంటే తట్టింది. ఆ పిన్ను లేపగానే స్లాట్లు వచ్చాయంటే, స్లాట్లు పోయింది ఆ పిన్ను వల్లే. మరి స్లాట్లు మంగళవారానికే పోయాయి కదా, శుక్రవారం కౌంటర్లో వాళ్లెలా వంచుతారు? మంగళవారం అంటున్నాను గానీ, అది నేను చూసిన రోజు. ఎండాకాలంలో వేడెక్కుతోందని ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్టు మార్చా. పేస్టు అంచులకి కారిందని ప్రాసెసర్ కూడా పైకి తీసి తుడిచా. పెట్టేటప్పుడు ఓ మూల వేలి నుంచి జారింది, గుర్తుంది. ఆ తర్వాత మెమరీ ఎంతుందో ఒక్కసారైనా చూశానా? లేదు.

ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదంతే. ఆ జాబ్ షీట్ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది, అది వేరే లెక్క.

ఇందాక అన్నాలు తింటూ మా ఆయన, వాళ్లకి ఒక్క స్టార్ ఇచ్చి, "పిన్ను వాళ్లే వంచారు" అని రివ్యూ పెట్టేశానని గొప్పగా చూపించారు. అప్పుడే పన్నెండు మంది లైక్ కొట్టారట. పెరుగు వడ్డించి ఊరుకున్నా. అది తీసేయమనాలంటే మొత్తం చెప్పాలి. రేపు చెప్తాను. పొద్దున్నే కాదు, కాఫీ అయ్యాక.