డిసెంబర్ ఫోటోలు డిసెంబర్‌లో చూడొద్దు

ఏడాది చివరికొచ్చేసరికి అందరూ ఆ సంవత్సరం తీసిన వాటిలోంచి మంచివి ఏరి పెడుతుంటారు కదా, నేను ఆ పని మానేశా. ఏరడం మానలేదు, ఈ ఏడాదివి ఏరడం మానేశా. డిసెంబర్ వచ్చిందంటే పోయినేడాది ఫోల్డర్ తెరుస్తాను, ఈ ఏడాదివి హార్డ్ డిస్క్‌లో అలా పడుంటాయి.

కారణం పెద్దదేం కాదు. తెల్లారుజామున బీచ్‌కెళ్ళి తీసే ప్రతి ఫోటోకి ముందు బోలెడు కథ ఉంటుంది, అలారం మోగడం, చీకట్లో బండి తీయడం, మోకాళ్ళ దాకా తడవడం, పెద్ద అల వచ్చి ట్రైపాడ్‌ని ఊపేసి వెళ్ళడం, ఇవన్నీ ఇంకా ఒంట్లో ఉండగానే ఫోటో చూస్తే ఆ కష్టం కూడా ఫోటోలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. చూసేవాళ్ళకి అదేం కనపడదు. వాళ్ళకి కనపడేది కాస్త సముద్రం, కాస్త ఆకాశం, అంతే. మనం ఎంత వణికామో పిక్సెల్స్‌లో ఎక్కడా రికార్డవదు. అందుకే వారం కిందట తీసింది ఎప్పుడూ గెలుస్తుంది, మార్చిలో తీసింది ఎప్పుడూ ఓడిపోతుంది. ఏడాది గడిచాక అయితే నేను కూడా బయటివాడిలాగే చూస్తా, అప్పుడు పోటీ సరిసమానం.

తెల్లారి బీచ్ ఫోటో అనగానే చాలామందికి సూర్యోదయమే గుర్తొస్తుంది. నా లెక్కలో సూర్యుడు కనపడ్డాడంటే సగం పైగా పని అయిపోయినట్టే. సూర్యుడు సముద్రపు అంచుకి 6 డిగ్రీల కిందకి వచ్చినప్పట్నుంచి బయటికొచ్చేదాకా ఉండే వెలుగు ఉంటుంది చూడండి, సివిల్ ట్వైలైట్ అంటారు, అసలు సరుకంతా అక్కడే. భూమధ్యరేఖకి దగ్గరున్న చోట్ల అది 20 నిమిషాల పైచిలుకు ఉంటుంది అంతే, ఉత్తరానికో దక్షిణానికో దూరం వెళ్ళేకొద్దీ సాగుతుంది. మబ్బులు కాస్త ఎత్తులో ఉంటే కింది నుంచి ఎర్రబడేది కూడా ఆ టైమ్‌లోనే. ఒక్క మబ్బు కూడా లేని ఆకాశం చూసి సంబరపడేవాళ్ళు ఉంటారు, నాకు మాత్రం అది చప్పగా ఉంటుంది. సముద్రం అంచున దట్టంగా మబ్బు పట్టి ఉంటే మాత్రం ఆ రోజు రంగులు దాదాపు లేనట్టే, వెలుగొచ్చే దారే మూసుకుపోతుంది కాబట్టి.

ఒకసారి వల సర్దుకుంటున్న పెద్దాయన నన్ను చూసి "ఏం బాబూ, సూర్యుడింకా రానేలేదు, ఏం తీస్తున్నావ్?" అన్నాడు. కెమెరా వెనక స్క్రీన్ చూపించా. కాసేపు చూసి "ఇది సముద్రమేనా, పొగలా ఉందే" అన్నాడు, 30 సెకన్ల ఎక్స్‌పోజర్ అది, అంటే అంతసేపు కెమెరాలోకి వెలుగు రానిచ్చి తీసిన ఫోటో. ఆయన అన్నది నిజమే అనిపించింది, ఆ తర్వాత నుంచి 30 సెకన్లు పెట్టడం తగ్గించేశా. నిమిషంలో సగం సేపు షట్టర్ తెరిచి ఉంచితే అలలన్నీ కలిసిపోయి ఎక్కడి సముద్రమైనా ఒకేలా కనపడుతుంది. 1/1000 సెకను పెడితే నీటి బొట్లు గాల్లో ఆగిపోతాయి, అదో రకం. నాకు నచ్చేది మధ్యలో, పావు సెకను నుంచి అర సెకను దాకా. అదీ అల వచ్చేటప్పుడు కాదు, వెనక్కి పోయేటప్పుడు. వచ్చే అల నురగతో అన్నీ కప్పేస్తుంది. పోయే నీళ్ళకి మాత్రం దారిలో ఏదో ఒకటి అడ్డొస్తుంది, సగం ఇసుకలో కూరుకుపోయిన ఆల్చిప్పో చిన్న రాయో, దాని రెండు పక్కల నుంచి నీళ్ళు చీలి కిందికి జారుతూ గీతలు గీస్తాయి, ఆ గీతలు అర సెకనులో ఎంత బాగా పడతాయో. రెండు సెకన్లు పెడితే చెరిగిపోతాయి. అల వెళ్ళిన వెంటనే ఇసుక మీద పల్చటి నీటి పొర ఉంటుంది, అందులో ఆకాశం రంగంతా దిగుతుంది, ఇసుక ఆ నీళ్ళని పీల్చుకునేదాకానే, తర్వాత మళ్ళీ మామూలు ఇసుకే. అందుకే పోటు దిగుతున్న టైమ్ చూసుకుని వెళ్ళాలి, తడి ఇసుక ఎక్కువ దొరుకుతుంది. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది కాబట్టి ఈ వారం కుదిరింది వచ్చే వారం కుదరదు. అమావాస్య, పున్నమి రోజుల చుట్టుపక్కల నీళ్ళు బాగా పైకొస్తాయి, బాగా వెనక్కీ పోతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తా. వైట్ బాలెన్స్ (రంగుల్ని సరిచేసే సెట్టింగ్) ఆటోలో పెట్టకండి, అది తెల్లారుజాము నీలాన్ని ఏదో జబ్బు అనుకుని సరిచేసేస్తుంది, డేలైట్‌లో పెట్టుకోండి. రా ఫైల్ తీయండి, అంటే కెమెరా తనంతట తాను సరిచేయకుండా దాచే ఫైల్. ట్రైపాడ్ కాళ్ళని ముందే గట్టిగా ఇసుకలోకి నొక్కేయండి, లేకపోతే అల తగిలిన ప్రతిసారీ అది కాస్త కాస్త దిగుతూ ఉంటుంది, మీకు తెలీదు, ఇంటికొచ్చి చూస్తే క్షితిజం వంగి ఉంటుంది. లెన్స్ మీద ఉప్పు ఆరిపోతే పొడిగుడ్డతో రుద్దకండి, ముందు తడిపి తర్వాత తుడవండి. ఇంటికెళ్ళగానే ట్రైపాడ్ మంచినీళ్ళతో కడగండి, నిద్రొస్తోంది సాయంత్రం చూద్దాం అనుకున్నారో జాయింట్లు పట్టేస్తాయి. సూర్యుడు కాస్త పైకొచ్చాక జూమ్ లెన్స్ పెట్టి డీఎస్ఎల్‌ఆర్ కెమెరా వ్యూఫైండర్‌లోంచి, అదే కన్ను ఆనించి చూసే కిటికీలోంచి, చూడొద్దు, కంటికి ప్రమాదం, అప్పుడు స్క్రీనే వాడండి.

ఆకాశానికి ఎక్స్‌పోజర్ సరిచేస్తే నీళ్ళు నల్లగా, నీళ్ళకి సరిచేస్తే ఆకాశం తెల్లగా, ఈ గొడవ బీచ్‌లో ఫోటో తీసిన ప్రతివాడికీ ఉంటుంది. ఇది ఇప్పటిది కాదు. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు, కొలోడియన్ అనే రసాయనం పూసిన అప్పటి గాజు ప్లేట్లు నీలం రంగుకి మరీ తొందరగా స్పందించేవి, సముద్రం పడేంత సేపు ప్లేట్ ఉంచితే ఆకాశం ఖాళీగా తెల్లబోయేది. ఆయన కొన్ని ఫోటోలకి ఏం చేశాడంటే సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి రెండూ కలిపి ఒకే ప్రింట్ వేశాడు. మనం ఇవాళ రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్‌లో కలుపుతుంటే "అది మోసం, అసలైన ఫోటో కాదు" అని తిట్టేవాళ్ళకి ఈ విషయం చెప్పాలనిపిస్తుంది, కానీ చెప్పినా వినరనుకోండి.

సరే, అసలు విషయానికొస్తా. పోయినేడాది ఫోల్డర్.

ముందు ఆ ఏడాది గురించి. ఆ సంవత్సరం మధ్యలో ఉద్యోగం పోయింది, మళ్ళీ దొరకడానికి చాలా నెలలు పట్టింది. డిసెంబర్ చివర్లో నోట్‌బుక్‌లో "వేస్ట్ అయిపోయిన సంవత్సరం" అని ఒక్క లైన్ రాసి కింద రెండు గీతలు కొట్టా. ఇప్పుడు అదే ఏడాది ఫోటోలు తేదీల వారీగా చూస్తుంటే, పొద్దున్నే బీచ్‌కెళ్ళడం మొదలైందే అప్పుడని అర్థమైంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఎనిమిదింటికి లేచేవాణ్ణి, లేవగానే ఫోన్. తెల్లారుజాము అనేది ఒకటుందన్న సంగతే తెలీదు. ఉద్యోగం పోవడం మంచిదైంది అని చెప్పట్లేదు, ఆ నెలల్లో అద్దె కట్టడానికి పడ్డ తిప్పలు నాకు తెలుసు, అంత తేలిగ్గా అందంగా మార్చి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆ ఒక్క లైన్ మాత్రం ఇప్పుడైతే రాయను.

రెండోది దీనికి రివర్స్. అప్పట్లో నాతో పాటు ఒక ఫ్రెండ్ వచ్చేవాడు. "ఒరేయ్, సూర్యుడు రాకముందే సర్దేస్తావేంట్రా, నీకేమైనా పిచ్చా" అని రోజూ ఒకటే గోల. వాడికి సూర్యుడి బింబం కావాలి, పెద్దగా, గుండ్రంగా, ఎర్రగా. పోయినేడాది డిసెంబర్‌లో నేను ఏరుకున్న వాటిలో మొదటి ర్యాంక్ ఇచ్చింది గులాబీ రంగు ఆకాశం, పాలలాంటి నీళ్ళు ఉన్న ఒక లాంగ్ ఎక్స్‌పోజర్‌కి. ఇప్పుడు చూస్తే క్యాలెండర్ మీద వేసే బొమ్మలా ఉంది, నాకే బోర్ కొట్టింది. అదే రోజు తీసిన ఇంకో ఫోటోకి ఒక్క స్టార్ ఇచ్చి పక్కన పడేశా. బూడిద రంగు ఆకాశం, వెనక్కి పోతున్న నీళ్ళు, కుడి అంచున ఫ్రేమ్‌లోకి పొరపాటున వచ్చిన వాడి ట్రైపాడ్ కాలు ఒకటి, దాని అడుగున నీళ్ళు చుట్టూ తిరిగి చేసిన చిన్న గుంట, అందులో ఒక ఈక. కాలు క్రాప్ చేయాలి అని నోట్ కూడా పెట్టుకున్నా. ఇప్పుడా ఫోల్డర్ మొత్తంలో కన్ను ఆగేది దాని దగ్గరే.

ఆ తర్వాత నెలల ఫోటోల్లో వాడి జాడ తగ్గిపోతుంది. ఇసుకలో రెండో జత అడుగులుండవు, దూరంగా నిలబడ్డ నీడ ఉండదు. గొడవేం లేదు, వాడికి బిడ్డ పుట్టింది, రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు, నేను ముందు రెండు మూడు సార్లు ఫోన్ చేసి తర్వాత మానేశా, వాడూ చేయలేదు. ఇది జరుగుతున్నప్పుడు నాకు కనపడనే లేదు. ఆ డిసెంబర్‌లో కూర్చుని ఏడాది లెక్కలు రాసినప్పుడు పోయిన వాటిలో ఉద్యోగం ఉంది, వీడు లేడు.

ఈ ఆలస్యం ఆకాశంలో కూడా ఉంది, అది తెలిశాక నాకు కొంచెం ఊరట. ఉత్తరార్ధగోళంలో డిసెంబర్ 21నో 22నో పగలు అన్నిటికంటే చిన్నది, ఆ తర్వాత పగలు పెరుగుతుంది, ఇది అందరికీ తెలుసు. కానీ సూర్యోదయం మాత్రం ఆ తర్వాత కూడా రోజురోజుకీ ఆలస్యమవుతూనే ఉంటుంది, కొన్ని చోట్ల జనవరి మొదటి వారం దాకా, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ జనవరి మూడో వారం దాకా కూడా. పెరిగే పగలంతా సాయంత్రం వైపే చేరుతుంది. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వస్తుంది, దాదాపు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్లు, అందుకని కక్ష్యలో వేగంగా తిరుగుతుంటుంది, దానికి భూమి అక్షం వంపు కూడా తోడై ఆ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి రావడం రోజుకి అర నిమిషం చొప్పున ఆలస్యమవుతుంది, దాంతో పాటు ఉదయం కూడా. అంటే మలుపు తిరిగిపోయి రోజులు గడిచినా పొద్దున్నే అలారం పెట్టుకునేవాడికి ఆ సంగతి తెలీదు, వాడికి ఇంకా చీకటి పెరుగుతున్నట్టే ఉంటుంది.

ఒకే చోట నిలబడి తీస్తే ఇంకోటి కూడా కనపడుతుంది. మార్చిలో సూర్యుడు పొడిచే చోటు రోజుకి తన వెడల్పులో ముప్పావు వంతు చొప్పున ఉత్తరానికి జరిగిపోతుంటుంది, వారం గ్యాప్‌లో తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది. డిసెంబర్ మూడో వారంలో తీసినవి, నాలుగో వారంలో తీసినవి పెట్టండి, తేడా పట్టుకోలేరు. దక్షిణపు కొసకి వెళ్ళి అక్కడే నిలబడిపోయినట్టు ఉంటాడు. ఆ రోజుల్లో ఫోటో చూసి ఇది మలుపుకి ముందుదా తర్వాతదా అంటే చెప్పలేను, తేదీ చూసుకోవాల్సిందే. మార్చిలో అయితే చూడక్కర్లేదు.

కాబట్టి ఈ ఏడాది ఎలా గడిచింది అని ఎవరడిగినా వచ్చే ఏడాది చెప్తా అంటున్నా. జోక్ అనుకుంటున్నారు. కొత్త ఉద్యోగం వచ్చింది, మంచిదో కాదో తెలీదు. అమ్మ కంటికి ఆపరేషన్ అయింది, ఇప్పుడు నా ఫోటోలు చూసి "ఇన్నాళ్ళూ ఇవి ఇంత నీలంగా ఉండేవా, నాకు గోధుమ రంగులో కనపడేవిరా" అంటోంది. ఈ ఒక్కటి మాత్రం ఏడాది ఆగకుండా మంచి విషయాల్లో రాసేసుకున్నా.

ఆ ఒక్క స్టార్ ఫోటో మొన్న ఫ్రెండ్‌కి పంపా, ఏం రాయకుండా. రెండు రోజుల దాకా రిప్లై లేదు. తర్వాత "నా కాలు వచ్చిందిరా ఫ్రేమ్‌లో, క్రాప్ చెయ్" అని ఒక మెసేజ్, వెంటనే "ఒకటో తారీఖు పొద్దున వెళ్దామా" అని ఇంకోటి. ఒకటో తారీఖు వద్దురా బాబూ, ఏడాదంతా రానివాళ్ళందరూ ఆ రోజే వస్తారు, నీటి అంచున నిలబడటానికి చోటు ఉండదు, రెండో తారీఖు రా అన్నాను. పాప నిద్ర బట్టి చెప్తానన్నాడు, ఈలోపు పోటు టైమ్ చూసి పెట్టమన్నాడు. ఇంకా చూడలేదు.