సర్వర్ బాగానే ఉంది, ధరే తప్పు

ఆర్థిక వార్తల సంస్థలో బ్యాకెండ్ టీమ్‌ను (తెర వెనక సర్వర్లు, డేటా చూసే టీమ్‌ను) నడిపేవాళ్లు సర్వర్ పడిపోతుందని అంతగా భయపడక్కర్లేదు. పడిపోతే పది నిమిషాల్లో ఊరంతా ఫోన్ చేస్తుంది. తప్పు ధరకు ఎవరూ ఫోన్ చేయరు. పేజీ టక్కున తెరుచుకుంటుంది, మానిటరింగ్ బోర్డు పచ్చగా ఉంటుంది, స్క్రీన్ మీద నిన్నటి అంకె కూర్చుని ఉంటుంది.

టీమ్‌లో కొత్తగా చేరిన వరంగల్ పిల్లలకు ఏనుమాముల మార్కెట్‌తో చెప్తే ఇది తొందరగా ఎక్కుతుంది. మిర్చికి జెండా పాట, అంటే ఆ రోజు మొదటి బహిరంగ వేలం, పలికిన ధర పేపర్లో వస్తుంది. బస్తాలు తెచ్చిన రైతుల్లో చాలామందికి ఆ ధర రాదు. మార్కెట్ డేటాలో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు వేరువేరుగా ఉంటాయి. మోడల్ అంటే సగటు కాదు, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. ఈ మూడింటికీ కలిపి డేటాబేస్ టేబుల్‌లో ‘ధర’ అని ఒక్క కాలమ్ పెడితే తప్పు అక్కడే పుట్టినట్టు.

పత్తితో ఇంకా చిక్కు. యార్డులో క్వింటా లెక్కన అమ్మేది గింజతో ఉన్న పత్తి. క్యాండీ లెక్కన, అంటే సుమారు 356 కిలోలకు చెప్పేది జిన్నింగ్ అయిన, అంటే గింజ తీసేసిన దూది ధర. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. దాన్ని 3.56తో గుణించి, వచ్చిన 28,872ను దూది క్యాండీ ధర పక్కన పెడితే భారీ తేడా కనిపిస్తుంది. వార్తలు రాసే డెస్క్ దానికి దళారుల మీద హెడ్డింగ్ కూడా పెట్టేస్తుంది. నిజానికి క్వింటా పత్తిలో దూది మూడో వంతు చుట్టుపక్కలే. మిగతాది ఎక్కువగా గింజ బరువు. అందుకే ప్రతి ధర వరుసలో అంకెతో పాటు యూనిట్, సరుకు రూపం, సమయం, ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి తప్పనిసరి కాలమ్‌లు. అంకెను పైసల్లో, పూర్ణాంకంగా దాచాలి. ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) వద్దు.

షేర్లలో ఇదే తప్పు స్ప్లిట్ రోజున, అంటే ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టిన రోజున బయటపడుతుంది. 10 రూపాయల ముఖ విలువను 1 రూపాయికి విడగొడితే 2,000 ఉన్న షేరు 200 దగ్గర తెరుచుకుంటుంది. కోడ్‌కు అది 90 శాతం పతనం. నోటిఫికేషన్ లక్షల ఫోన్లకు వెళ్లిపోతుంది. పైగా ముఖ విలువ మారితే ఐసిన్ (షేరును గుర్తించే కోడ్) నంబరు కూడా మారుతుంది, దాన్నే కీగా, అంటే వరుసల గుర్తుగా పెట్టుకున్న టేబుల్‌లో పాత చరిత్ర తెగిపోతుంది. బోనస్ షేర్లిస్తే నంబరు మారదు. పాత ధరలను చెరిపి రాయొద్దు. పాత ధరను కొత్త లెక్కకు మార్చే సర్దుబాటు గుణకాన్ని వేరే టేబుల్‌లో ఉంచి, చార్టు గీసేటప్పుడు గుణించాలి. ఒక్క రోజులో 20 శాతం మించి కదిలినట్టు కనిపిస్తే నోటిఫికేషన్‌ను ఆపి మనిషి చూడాలి. నిమిషం ఆలస్యమైతే కొంపలేం మునగవు.

‘సోమవారం నుంచి శుక్రవారం, 9:15 నుంచి 3:30’ అని కోడ్‌లో రాసేసిన చోటు ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి. 2025 ఫిబ్రవరి 1 శనివారం, అయినా బడ్జెట్ కోసం మార్కెట్ తెరిచారు. ఆ ఏడాది దీపావళి మూరత్ ట్రేడింగ్ (పండగ రోజు శుభ ముహూర్తానికి గంటసేపు జరిగేది) సాయంత్రం కాదు, మధ్యాహ్నం 1:45 నుంచి 2:45 వరకు. మార్కెట్ రోజులు, వేళల క్యాలెండర్ కోడ్‌లో కాదు, టేబుల్‌లోనే ఉండాలి.

డేటా ఆగిపోయిందా అన్నది ఒక్కో షేరును బట్టి తేల్చొద్దు. చిన్న షేరులో గంట సేపు లావాదేవీ లేకపోవడం మామూలే. ఫీడ్ (ధరలు వచ్చే ప్రవాహం) మొత్తానికి ఒక గుండె చప్పుడు, అంటే ‘బతికే ఉన్నా’ అని తరచూ వచ్చే సంకేతం పెట్టి, పది సెకన్లు అది రాకపోతే ధర పక్కన ఆఖరి సమయం చూపించాలి.

డిప్లాయ్‌మెంట్లు (కొత్త కోడ్ పెట్టడం) ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 దాకా బంద్. బడ్జెట్ వారం మొత్తం బంద్. బడ్జెట్ రోజు 11 గంటలకు అందరి క్యాష్ (వేగం కోసం దాచుకున్న కాపీ, డబ్బు కాదు) ఒకేసారి గడువు తీరితే డేటాబేస్ మీద వరద పడుతుంది. గడువుకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ కలపండి, ఒకే సమాచారం కోసం ఎందరడిగినా ఒక్క రిక్వెస్ట్‌నే డేటాబేస్‌కు పంపండి.

తప్పు దిద్దడానికి డెస్క్‌కే ఒక స్క్రీన్ కట్టివ్వాలి, డెవలపర్ చేత్తో డేటాబేస్‌లో క్వెరీ (ఆదేశం) కొట్టడం ఉండకూడదు. ఆ స్క్రీన్ మీది ఒక్క బటన్ డేటాబేస్, సీడీఎన్ (పేజీల కాపీలను దగ్గర్లోంచి పంపే సర్వర్లు), యాప్ క్యాష్ మూడింటినీ కదిలించాలి. వాట్సాప్‌లో షేర్ అయ్యే ప్రివ్యూ బొమ్మను అందరూ మర్చిపోతారు. లింకుకు వెర్షన్ నంబరు తగిలిస్తే కొత్తగా షేర్ చేసేవాళ్లకు కొత్త బొమ్మ వస్తుంది. అప్పటికే పంపినవాటిలో పాత అంకె అలాగే ఉంటుంది.