మూడో పాస్ దగ్గరే తెగిపోతోంది: పదకొండో వారం

నేను కోచ్‌గా ఉన్న కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఆదివారం 4-1 తేడాతో ఓడిపోయింది. ఓడినందుకు అంత బాధ లేదు. పదకొండు వారాలుగా పాసింగ్ తప్ప వేరే పని పెట్టుకోలేదు, అయినా మూడో పాస్ దాటి బంతి ముందుకు పోవడం లేదు, అదే నిద్ర పట్టనివ్వడం లేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా ఫోన్‌లో వీడియో పెట్టుకుని, పక్కన నోట్‌బుక్‌తో కూర్చున్నాను.

మొదటి 25 నిమిషాల లెక్క ఇది. మావాళ్లకు బంతి దొరికింది 38 సార్లు. వరుసగా రెండు పాస్‌లు కుదిరింది 17 సార్లు. మూడోది కూడా కుదిరింది 4 సార్లే. అంటే రెండు పాస్‌లు బాగా వేసి, ఆ తర్వాత 13 సార్లు బంతి పోగొట్టుకున్నాం. ఆ 13లో 9 సార్లు పోయింది మా ఆరో నంబర్ కుర్రాడి దగ్గరే, అంటే డిఫెండర్లకు కాస్త ముందు, మధ్యలో ఆడేవాడి దగ్గర.

  

మొదట గ్రౌండ్ మీద అనుమానపడ్డాను. మాది హైదరాబాద్‌లో బొల్లారం వైపు ఎర్రమట్టి గ్రౌండ్, గులకరాళ్లు ఎంత ఏరినా మళ్లీ తేలుతూనే ఉంటాయి. అందుకే పోయిన వారం తలా కొంత వేసుకుని గంటకు 1,200 చొప్పున టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్) తీసుకున్నాం. మొదటి పాస్ నున్నగా వెళ్లింది, రెండోదీ వెళ్లింది, మూడోది మాత్రం మామూలే. గ్రౌండ్ తప్పు కాదని అక్కడే తేలిపోయింది.

తర్వాత బంతి. గేజ్ పెట్టి చూస్తే మా పాత బంతిలో గాలి ఒత్తిడి 6 పీఎస్ఐ ఉంది. రూల్ ప్రకారం 8.5 నుంచి 15.6 దాకా ఉండొచ్చు. 12 కొడితే మా మట్టి మీద మోకాలి ఎత్తుకు లేస్తోంది. 9 దగ్గర పెడితే కాలికి అతుక్కున్నట్టు ఆగుతోంది, ఇప్పుడు అదే ఖాయం చేశాను. ఇంకో మాట, ఎర్రమట్టికి మెరిసే కుట్టు బంతులు దండగ. నెల తిరక్కుండా తోలు లేచిపోతుంది. నివియా స్టార్మ్ లాంటి రబ్బరు బంతి తలకు తగిలితే చురుక్కుమంటుంది కానీ, రెండు సీజన్లు నిలబడుతుంది. మా దగ్గర మూడున్నాయి, మూడూ అవే. గాలి సరిచేశాక ఆడిన మ్యాచే ఈ ఆదివారంది, కాబట్టి బంతి కూడా కారణం కాదు.

అప్పుడు వీడియోను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కదుపుతూ చూశాను. ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) కాలి నుంచి బంతి బయల్దేరిన క్షణానికీ, మిగతావాళ్లలో ఎవరో ఒకరు మొదటి అడుగు వేసిన క్షణానికీ మధ్య ఎన్ని ఫ్రేములో పది చోట్ల లెక్కపెట్టాను. సగటున 26 వచ్చింది, అంటే దాదాపు 0.87 సెకను. ఆ పాస్ దూరం సుమారు 9 మీటర్లు. బంతి ఆరో నంబర్‌ను చేరడానికి పట్టేదీ దాదాపు అంతే, 27 ఫ్రేములు. ఇది చూశాక కుర్చీలోంచి లేచి గదిలో రెండు రౌండ్లు తిరిగాను. బంతి వాడి కాలికి తగిలే దాకా మా జట్టులో ఎవరూ కదలడం లేదు! వాడు తలెత్తేసరికి అందరూ నిలబడే కనిపిస్తున్నారు, అవతలి వాడేమో మూడు మీటర్ల నుంచి మీదికి దూకుతున్నాడు. పాపం, ఆ కుర్రాడు ఎవరికి ఇస్తాడు? ఇన్ని వారాలుగా వాణ్నే తిడుతున్నాను.

వాడి తప్పు అసలే లేదని కాదు. బంతి పోయిన ఆ తొమ్మిది సార్లలో బంతి రాకముందు భుజం మీదుగా వెనక్కి చూసింది ఒక్కసారే. పైగా రెండు పాదాలూ మన గోల్ వైపు పెట్టి నిలబడుతున్నాడు. కాస్త పక్కకు తిరిగి, బంతినీ రైట్ వింగ్‌నూ (గ్రౌండ్ కుడి అంచునూ) ఒకే చూపులో పెట్టుకుంటే ఒక్క టచ్‌లో అయిపోయే పని.

వీడియోలో 17వ నిమిషం దగ్గర ఆపి జూమ్ చేశాను. రైట్ వింగర్ ముందు, వాడికి ఎడమవైపు 15 గజాల ఖాళీ ఉంది. వాడేమో రెండు మడమలూ నేలకు ఆనించి, ఒక సాక్స్ చీలమండ దాకా జారిపోయి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చూపు బంతి మీద లేదు, అవతలి డిఫెండర్ మీద లేదు. గీత బయట ఉన్న నా మీద ఉంది.

సోమవారం సాయంత్రం వాణ్ని పక్కకు పిలిచి, "ఎందుకురా కదల్లేదు?" అని అడిగాను.

"మీరు చెప్తారేమోనని చూశాను సార్" అన్నాడు.

ఇంటికెళ్లి ఇయర్‌ఫోన్ పెట్టుకుని అదే వీడియో మళ్లీ విన్నాను. 25 నిమిషాల్లో నేను 64 సార్లు అరిచాను. అందులో 31 సార్లు "పాస్ ఇవ్వు" అనే మాటే. ఆరో నంబర్ దగ్గర పోయిన తొమ్మిదింటిలో ఏడింటికి ముందు నా గొంతు ఉంది. పిల్లలు ఆటను చూడటం మానేసి నా మాట కోసం ఎదురుచూడటం నేర్చుకున్నారు. నేర్పింది నేనే.

బుధవారం దీన్ని పరీక్షించాం. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, ఆరుగురికి నలుగురు, చివర్లో రెండు చిన్న గేట్లు. మొదటి పది నిమిషాలు మామూలుగా అరిచాను, తర్వాతి పది నోరు మూసుకున్నాను. అలసట వల్ల లెక్క తేడా రాకుండా రెండో విడత క్రమం తిప్పాను. అరిచినప్పుడు మూడో పాస్ కుదిరింది 3, 4, మొత్తం 7. మౌనంగా ఉన్నప్పుడు 5, 6, మొత్తం 11. చిన్న లెక్కే, దీన్నే పట్టుకుని తీర్పు చెప్పలేను. కానీ తేడా రెండు విడతల్లోనూ ఒకే వైపు ఉంది.

మౌనంతో కొత్త చిక్కొకటి వచ్చింది. చెప్పేవాడు లేకపోయేసరికి అందరూ బంతి చుట్టూ మూగుతున్నారు. ఇద్దరి మధ్య నాలుగైదు మీటర్లు కూడా ఉండటం లేదు. ఒక్క డిఫెండర్ వస్తే ముగ్గురూ వాడి నీడలోనే ఉంటున్నారు.

రోండో, అంటే చుట్టూ నిలబడి మధ్యలోవాళ్లకు అందకుండా బంతిని పాస్ చేసుకునే ఆట, దాని గురించి నా అభిప్రాయం ఈ వారంతో మారిపోయింది. నలుగురికి ఇద్దరు, 8 మీటర్ల చదరంలో మావాళ్లు పన్నెండు పాస్‌ల దాకా వెళ్తున్నారు. అది చూసి ఇన్నాళ్లూ మురిసిపోయాను. కానీ అందులో ఏ గోల్ వైపూ తిరగక్కర్లేదు, నిలబడ్డ చోటు వదలక్కర్లేదు. మాకు లేనిది సరిగ్గా ఆ రెండే. ఇకపై రోండో వార్మప్‌కు పది నిమిషాలు, అంతే. ఎవరూ రెండుసార్లకు మించి బంతిని తాకకుండా పాస్ ఇచ్చేయాలనే రెండు టచ్‌ల నియమం కూడా నాకు నచ్చలేదు. కంగారులో బంతిని వదిలించుకోవడమే నేర్చుకుంటున్నారు.

బాగా పనిచేసింది ఒకటుంది. ఆరో నంబర్ వెనకాల నిలబడి నేను వేళ్లు చూపిస్తాను, బంతి కాలికి తగిలేలోపు వాడు ఎన్నో చెప్పాలి. బుధవారం 20కి 6 సరిగ్గా చెప్పాడు. శుక్రవారం 13. భుజం తిప్పడం వాడికి అలవాటవుతోంది, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి పద్ధతి ఒకటి ప్రయత్నించాలని ఎప్పటి నుంచో ఉంది. బడిలో పాఠాలు చెప్పిన మనిషి, మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆయన చేతి కింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నీలు ఆయన పెట్టించేవారు. డ్రిబ్లింగ్ లేదంటే బంతి ఉన్నవాడు ఎక్కడికీ పోలేడు, పక్కవాడు కదిలి తీరాలి. మాకు కావలసిన మందు అదే. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం మా పక్కనున్న అమ్ముగూడ నుంచే వచ్చారని చెబితే కుర్రాళ్లు నమ్మలేదు. ఫోన్‌లో ఫొటో చూపించాక ఒకడు "మన అమ్ముగూడేనా సార్?" అని రెండుసార్లు అడిగాడు.

వచ్చే ఆదివారం మ్యాచ్‌కు నేను గీత దగ్గర నిలబడను. అవతలి వైపు వేపచెట్టు కింద నోట్‌బుక్‌తో కూర్చుంటాను, సగం ఆట అయ్యాకే మాట్లాడతాను. లోపల మాట్లాడే పని సెంటర్ బ్యాక్‌ది, అంటే వెనక మధ్యలో ఉండే డిఫెండర్‌ది. వాడికి మూడే మాటలు ఇచ్చాను: "తిరుగు", "వెనక్కి", "మనిషి" (అవతలివాడు మీదికి వస్తున్నాడని). మంగళవారం బస్తా సున్నం తెచ్చి గ్రౌండ్‌ను నిలువుగా ఐదు పట్టీలు చేస్తాం, ఒక పట్టీలో మనవాళ్లు ఇద్దరికి మించి ఉంటే బంతి అవతలివాళ్లకు. మూగడం దీంతో తగ్గుతుందని నా అంచనా. డ్రిబ్లింగ్ లేని ఐదుగురి టోర్నీ దసరా సెలవుల్లో. ఈసారి వీడియో వాటర్ ట్యాంక్ మెట్ల మీద నుంచి తీయాలి, కింది నుంచి తీస్తే రైట్ వింగర్ మడమలు సగం సార్లు కనిపించడం లేదు.