ఫ్లాట్ బొమ్మకి స్కోప్ లెన్స్

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలోనే ఉన్నా మా ఇంట్లో సినిమా అంటే తెలుగు సినిమాయే. నాన్న 28 ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశారు. ఆయన దాచుకున్న డీవీడీలు, వీసీడీలు 110 దాకా ఉంటాయి, చాలావరకు పక్కనే పాతపట్నంలో కొన్నవి. కిందటి దసరాకి 43 అంగుళాల టీవీ కొని, ముందుగా ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా పెట్టాను. రెండు నిమిషాలు కాకుండానే నాన్న లేచి కూర్చున్నారు.

"ఒరే, ఫ్లాట్ బొమ్మకి స్కోప్ లెన్స్ ఏసీసినావేట్రా?"

స్కోప్ అంటే వెడల్పు తెర సినిమా, ఫ్లాట్ అంటే మామూలుది. స్కోప్ సినిమా తీసేటప్పుడు కెమెరా లెన్స్ బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్మ్ మీదికి ఎక్కిస్తుంది. హాల్లో మరో లెన్స్ దాన్ని రెండింతలు సాగదీసి తెర మీద వేస్తుంది. తెలుగులో ఇది 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో మొదలైంది. నాన్న ప్రొజెక్టర్ కేబిన్‌లో చేరేనాటికి న్యూస్‌రీల్ ఫ్లాట్‌లో, అసలు సినిమా స్కోప్‌లో వచ్చేవట. రెండింటి మధ్యా లెన్స్ మార్చాలి. మరిచిపోతే మనుషులు వెదురుబొంగుల్లా కనబడేవారు, హాలంతా ఈలలు. మా టీవీలో జరిగింది దానికి తిరగబడిన తప్పు. పాత సినిమా 4:3 బొమ్మను (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3) కొత్త టీవీ 16:9 తెర నిండా సాగదీసేసింది. సినిమాలో బండి చక్రం వచ్చినప్పుడు ఆపి స్కేలు పెట్టి కొలిచాను. ఎత్తు 18 సెంటీమీటర్లు, వెడల్పు 24. మూడో వంతు ఎక్కువ! అప్పటినుంచి ఏ డిస్క్ పెట్టినా ముందు ఒక గుండ్రటి వస్తువు కోసం వెతుకుతున్నాను. అంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు దొరకలేదు.

ఇది రిమోట్‌తోనే సరిపోయింది. పిక్చర్ సైజ్ 4:3 పెట్టాను, డీవీడీ ప్లేయర్ సెటప్‌లో టీవీ టైప్ 16:9 చేశాను. అటూ ఇటూ నల్ల పట్టీలు వచ్చాయి. "పెద్ద టీవీ కొని చిన్న బొమ్మ చూడటమేంటి?" అని అమ్మ బాధపడింది. "హాల్లో నేను తాడు లాగి మూసిన నల్లగుడ్డలే ఇవి" అన్నారు నాన్న.

తర్వాత కొన్ని స్కోప్ డీవీడీలు నాలుగు వైపులా నలుపుతో, మధ్యలో చిన్న కిటికీలా వచ్చాయి. పాత టీవీల కోసం పైనా కిందా నలుపును బొమ్మలోనే కలిపేసి చేసిన డిస్కులవి. డీవీడీ బొమ్మలో పైనుంచి కిందికి ఉండే 576 గీతల్లో సినిమాకి దక్కేవి దాదాపు 327. వీటికి మాత్రం జూమ్ పెట్టడమే సరైన పని. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది కానీ ఏదీ తెగదు.

డిస్కులు గీతలు పడుతున్నాయని అన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించమని ఒక స్టూడియోకి ఇచ్చాను. అక్కడ చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. "ఫుల్ స్క్రీన్ చేసిచ్చాం సార్" అన్నారు. 4:3 సినిమాలన్నీ సాగదీసి, అలాగే ఫైల్ చేసేశారు. అదృష్టం, డిస్కులు నా దగ్గరే ఉన్నాయి. మళ్లీ మొదటినుంచీ నేనే కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌తో చేశాను. క్రాపింగ్ (అంచులు కోయడం) 'నన్', అనమార్ఫిక్ (బొమ్మ వెడల్పు నిష్పత్తి) 'ఆటోమేటిక్'. ఈ రెండూ చూసుకోకుండా స్టార్ట్ నొక్కకండి. మూడు వారాలు పట్టింది.

నన్ను ఓడించినవి వీసీడీలు. స్కోప్ సినిమా వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు ఉంటుంది. వీటిలో చేసినట్టు దాన్ని పాత టీవీ నిండేలా 1.33కి, అంటే 4:3కి, కోసేస్తే బొమ్మలో 43 శాతం పోతుంది. ఒక సీన్లో హీరో ఖాళీ గోడతో మాట్లాడుతున్నాడు. "ఆ పక్కన వాళ్ల అమ్మ కూర్చునుంటుంది, ఏడుస్తుంటుంది" అన్నారు నాన్న. వందసార్లు చూసిన మనిషికి గుర్తుంది, నాకు గోడే కనబడింది. ఏ సెట్టింగూ ఆమెను వెనక్కి తేలేదు.

అలాంటివి 14 తేలాయి. నాన్న వాటి కవర్ల మీద మార్కర్‌తో 'కోత' అని రాసి వేరే పెట్టెలో పెట్టారు. తొమ్మిదింటికి పూర్తి స్కోప్ డీవీడీలు సంపాదించాను. కొనే ముందు కవర్ వెనక 'వైడ్‌స్క్రీన్' అని ఉందో లేదో చూశాను, అది చాలదని షాపులోనే పెట్టి చూపించమన్నాను. గోడ సినిమా ఇంకా దొరకలేదు. వచ్చే వారం శ్రీకాకుళం వెళ్తున్నాను, అక్కడ రెండు పాత షాపులు ఉన్నాయని విన్నాను.